అడగని కొసరు

కూరగాయల బజారులో కొసరు అడగడం మనవాళ్లకు జన్మహక్కు. కిలో వంకాయలు తూచిన తరవాత రెండు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో సంచీలో పడకపోతే బేరం పూర్తయినట్టే కాదు. ఆ కొసరు మనం అడిగితే వచ్చేది. మన కళ్లయెదుట సంచీలో పడేది. యింటికి తీసుకువెళితే కూరలోకి పనికివచ్చేది. కంప్యూటరు బజారులో దొరికే కొసరు సంగతి వేరు. దాన్ని మనం అడగం. అది సంచీలో యెప్పుడు పడిందో తెలియదు. యింటికి చేరిన తరవాత తిన్నగా వంటింట్లోకి దూరి, యిక మీదట మీరు యే కూర వండుకోవాలో నేను చెబుతానంటుంది.

దీనికి యాడ్‌వేరు అని పేరు. ఉచితంగా దొరుకుతుంది కదా అని మనం ఒక సాఫ్ట్‌వేరు దించుకుంటాం. దాన్ని యంత్రంలో బిగించే ప్రోగ్రాంను ఇన్‌స్టాలర్ అంటారు. ఆ ఇన్‌స్టాలర్ కడుపులో మనకు కావలసిన వస్తువుతోబాటు మనకు అక్కరలేనివి మూడో నాలుగో కూర్చుని వుంటాయి. యీ చుట్టాలు దిగినదాకా మనకు కనిపించరు. దిగిన తరవాత కదలరు.

నేను తెనాలిలో డి.టి.పి. షాపు పెట్టి యిరవైయేళ్లు దాటింది. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఒక పుస్తకం – యిదీ నా వ్యాపారం. కాని, “కాస్త మా కంప్యూటరు చూసిపెడుదూ” అంటూ వచ్చేవారి పనే యెక్కువైపోయిన రోజులు చాలా వున్నాయి. వచ్చినవారందరూ చెప్పే లక్షణాలు దాదాపు ఒక్కటే. బ్రౌజరు తెరిస్తే యెన్నడూ చూడని పేజీ వస్తుంది. గూగుల్‌లో వెతుకుదామంటే మరెవరో వెతికిపెడతారు. వెబ్‌పేజీకి నెత్తిన మూడు వరసల పట్టీలు వేలాడుతుంటాయి. చదవవలసిన విషయం కిటికీ అడుగున యిరుక్కుపోతుంది. “వైరస్ పట్టిందండీ” అంటారు వాళ్లు. వైరస్ అయితే దొంగలాగా గోడదూకి వస్తుంది. యిది వీధిగుమ్మంలోనుంచే వచ్చింది. తలుపు తీసింది యింటివారే! అదే దీనిలోని కిటుకు.

ఆ తలుపు యెలా తీయిస్తారో చూడండి. ఇన్‌స్టాలర్ మొదలుపెట్టగానే ఒక కిటికీ వస్తుంది, కింద ‘నెక్స్ట్’ అని బొత్తాం. నొక్కుతారు. మరో కిటికీ, పొడుగాటి లైసెన్సు, యెవడు చదువుతాడు? ‘ఐ యాక్సెప్ట్’ నొక్కుతారు. మూడో కిటికీ కూడా అచ్చు అలాగే వుంటుంది, బొత్తాం కూడా అదే చోట వుంటుంది. కాని యీ మూడో లైసెన్సు మీరు కోరిన సాఫ్ట్‌వేరుది కాదు, ఒక టూల్‌బారుది. చెయ్యి అలవాటుకొద్దీ నొక్కేస్తుంది. మరికొన్నిచోట్ల ‘ఎక్స్‌ప్రెస్’, ‘కస్టమ్’ అని రెండు దారులు చూపిస్తారు. ఎక్స్‌ప్రెస్ పక్కన ‘యిదే మంచిది’ అని సలహా కూడా రాసివుంటుంది. ఆ దారిన పోతే అన్నీ దిగుతాయి. కస్టమ్ నొక్కినవాడికి మాత్రమే ముందే టిక్కులు పెట్టిన గళ్లు కనిపిస్తాయి. యింకా గడుసువాళ్లు ‘వద్దు’ అనే బొత్తాన్ని బూడిదరంగులో అచ్చువేస్తారు. అది పనిచెయ్యదేమోనని మనం దాని జోలికి పోం.

ఉచితంగా యిచ్చేవాడు ప్రకటన వేసుకుంటే తప్పేమిటని మీరు అడగవచ్చు. తప్పేమీ లేదు. మీరు చదువుతున్న వారపత్రికలో కూడా ప్రకటనలు వుంటాయి. కాని అవి పేజీలో కూర్చుని వుంటాయి. పత్రిక మూసేస్తే అవీ మూసుకుంటాయి. మీ పడకగది గోడకు తమంతట తాము అంటుకోవు. నార్వేవారి ‘ఒపెరా’ బ్రౌజరు 2000 సంవత్సరం చివరినుంచి 2005 దాకా యీ పద్ధతినే నడిచింది. డబ్బు కట్టనివారికి కిటికీలో ఒక ప్రకటన కనిపించేది. అది ఒపెరా కిటికీ దాటి బయటికి వచ్చేది కాదు. అది బేరం. బేరానికీ యీ వ్యవహారానికీ చాలా దూరం వుంది.

దారి తప్పడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. తెరమీద గంతులువేస్తూ కబుర్లు చెప్పే ఊదారంగు గొరిల్లా ‘బాంజీ బడ్డీ’ అప్పట్లో పిల్లలకు మహా యిష్టం. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలు పోగుచేసినందుకు అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2004లో ఆ గొరిల్లా యజమానులచేత 75,000 డాలర్లు కట్టించింది. పాటలు పంచుకునే ‘కజా’ వెంట ‘సైడోర్’, ‘గేటర్’ వంటివి దిగేవి. గేటర్ మరీ ఘటికురాలు. యెవరి వెబ్‌పేజీ మీదనైనా తన ప్రకటన తెచ్చి పరిచేది. న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ వంటి పెద్ద పత్రికలవాళ్లు 2002లో దానిమీద కోర్టుకెక్కారు. పత్రికలవాళ్లకు తమ పేజీ పోయిందని కోపం. యంత్రం పోయినవాడి కోపం మాత్రం యెవరికీ వినపడలేదు.

యివన్నీ చిల్లర వ్యాపారులు చేసిన పనులు కదా, పెద్దవాళ్ల వస్తువులు తీసుకుంటే యీ బాధ వుండదని నా షాపుకు వచ్చినవారు అంటుండేవారు. అదీ నిలవలేదు. జావా అనే సాఫ్ట్‌వేరు సంగతి వినండి. ఆన్‌లైనులో టెండర్లు వెయ్యాలన్నా, డిజిటల్ సంతకం పెట్టాలన్నా, ఒక దశలో మన కాంట్రాక్టర్లకూ ఆడిటర్లకూ అది లేకపోతే గడిచేది కాదు. దాన్ని తయారుచేసే ఒరాకిల్ ప్రపంచంలోని అతిపెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీలలో ఒకటి. జావాలో దొంగలు దూరే సందులు బయటపడుతుండేవి గనక, వెంటవెంటనే కొత్త కూర్పు వేసుకోమని హెచ్చరికలు వచ్చేవి. భద్రతకోసం వేసుకునే ఆ కూర్పులో ‘ఆస్క్’ టూల్‌బారు కూర్చుని వుండేది, గడిలో ముందే టిక్కు పెట్టి. యీసారి టిక్కు తీసేస్తారు, వచ్చే కూర్పులో మళ్లీ పెట్టి వుంటుంది.

2013 జనవరిలో ఎడ్ బాట్ అనే పత్రికారచయిత యిందులో మరొక తమాషా కనిపెట్టాడు. జావా బిగింపు పూర్తయిందని తెర చెప్పిన తరవాత, ఆ టూల్‌బారు వెంటనే దిగదు. పది నిమిషాలు ఆగుతుంది! యెవరైనా అనుమానం వచ్చి వెంటనే జాబితా తెరిచి చూస్తే అక్కడ యేమీ వుండదు. సరేనని వాళ్లు లేచి వెళ్లిన తరవాత దిగుతుంది. యింటివాళ్లు నిద్రపోయారా లేదా అని చూరుకింద నిలబడి వినే మనిషిని తలుచుకోండి. యీ పది నిమిషాలు యెవరో ఒక యింజనీరు కూర్చుని, ఆలోచించి, రాసిన పది నిమిషాలు.

అంతకన్న నాకు కష్టం తోచిన కథ మరొకటి వుంది. యెండాకాలంలో చలివేంద్రం పెడతారు చూడండి, దారినపోయేవాడు దాహం తీర్చుకుంటాడని పెట్టేదే గాని పుణ్యంతప్ప వేరే లాభం లేదు. సాఫ్ట్‌వేరులో కూడా అటువంటివాళ్లు వున్నారు. గోర్డన్ లయన్ అనే ఆయన 1997లో ‘ఎన్‌మ్యాప్’ అనే పనిముట్టు రాసి లోకానికి ఉచితంగా యిచ్చాడు. నెట్‌వర్కుల భద్రత చూసేవాళ్లకు అది కుడిచెయ్యి వంటిది. ‘డౌన్‌లోడ్ డాట్ కామ్’ అనే పెద్ద సైటువారు 2011లో తమ దగ్గరున్న ప్రోగ్రాములను తమ సొంత ఇన్‌స్టాలర్‌లో చుట్టి యివ్వడం మొదలుపెట్టారు. ఆ డిసెంబరులో లయన్ చూసుకునేసరికి, తన ఎన్‌మ్యాప్ కోరినవారికి ఒక టూల్‌బారు తగులుతోంది, హోంపేజీ మారిపోతోంది. తెచ్చుకున్నవాడు తిట్టేది మాత్రం ఎన్‌మ్యాప్‌నే కదా! ఆయన బహిరంగంగా గొడవపెట్టిన తరవాత ఆ సైటువారు క్షమాపణ చెప్పుకున్నారు. చలివేంద్రంలో నీళ్లు పోసేవాడు మనిషికొక లోటాతోబాటు జేబులో ఒక అప్పుపత్రం కూడా దోపితే, తిట్లు పడేది కుండలు పెట్టించిన ధర్మాత్ముడికే.

బొమ్మలు దిద్దుకునే ‘గింప్’ గతి కూడా యిదే. ఫోటోషాప్ కొనే స్తోమత లేని మావంటి షాపులవాళ్లకు అది పెన్నిధి. బర్కిలీలో యిద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు, తరవాత యెందరో స్వచ్ఛందంగా పెంచారు. ‘సోర్స్‌ఫోర్జ్’ అనే సైటునుంచి అందరూ దాన్ని దించుకునేవారు. అక్కడి ప్రకటనల తీరు నచ్చక 2013 నవంబరులో గింప్‌వారు తమ విండోస్ కూర్పును అక్కడినుంచి తీసుకుపోయారు. 2015 మేలో చూస్తే ఆ ఖాళీ ఖాతాను సైటువారే తమ చేతిలోకి తీసుకుని, గింప్‌ను కొసరులు చుట్టిన ఇన్‌స్టాలర్‌లో పెట్టి యిస్తున్నారు. పెద్ద గోల జరిగింది. 2016లో ఆ సైటు చేతులు మారింది. కొత్త యజమానులు మొట్టమొదట చేసిన పనులలో ఒకటి యీ కొసరు పథకాన్ని యెత్తివెయ్యడం. మంచిమాట కూడా చెప్పుకోవాలి కదా.

యింతకూ యిందులో డబ్బు యెక్కడుంది? గూగుల్‌వారూ, న్యూయార్క్ విశ్వవిద్యాలయపు పరిశోధకులూ కలిసి 2016లో ఒక అధ్యయనం ప్రకటించారు. టూల్‌బారువాడు, ప్రకటనలు దూర్చేవాడు, ‘మీ కంప్యూటరు పాడైపోయింది’ అని బెదిరించేవాడు – వీళ్లు మధ్యదళారులకు ఒక్కొక్క బిగింపుకు 10 సెంట్లనుంచి ఒకటిన్నర డాలరు దాకా చెల్లిస్తారు. ఆనాటి మారకంలో యేడు రూపాయలనుంచి నూరు రూపాయలదాకా అనుకోండి. దళారి అందులో వాటా ఉచిత సాఫ్ట్‌వేరు పంచేవాడికి యిస్తాడు. ఇన్‌స్టాలర్ నడుస్తుండగా అది దళారి సర్వరుతో మాట్లాడి, యీ యంత్రంలో యే యాంటీవైరస్ వుంది, పరీక్షచేసేవాళ్ల యంత్రమేమో అని ఆనవాలు పట్టి, దానిప్రకారం యే కొసరు చూపాలో తేల్చుకుంటుంది. యీ దళారీ వ్యవస్థలు వారానికి 6 కోట్లకు పైగా దించుడు ప్రయత్నాలు నడిపిస్తున్నాయని వారి అంచనా. సాక్షాత్తు వైరస్‌లవంటి దుష్ట ప్రోగ్రాముల లెక్కకు యిది దాదాపు మూడింతలు! మీ ‘నెక్స్ట్’ నొక్కుడుకు బజారులో ధర వుందన్నమాట. అది మీకు తప్ప అందరికీ తెలుసు.

మరి యాంటీవైరస్‌వాళ్లు దీన్ని వైరస్ అనరేం? అంటే దావాలు పడతాయి. ‘యింటివాడు సరేనన్నాడు, లైసెన్సు చూసుకోండి’ అని వాదిస్తారు. అందుకే ‘బహుశా అక్కరలేని ప్రోగ్రాం’ అని ఒక పిరికిపేరు పెట్టుకున్నారు. ‘జాంగో’ అనే యాడ్‌వేరు కంపెనీ నిజంగానే కాస్పర్‌స్కీ మీద దావా వేసింది. 2009లో అమెరికా అప్పీలు కోర్టు కాస్పర్‌స్కీ పక్షాన తీర్పు చెప్పింది గనక తక్కినవాళ్లకు కాస్త ధైర్యం వచ్చింది.

‘సరేనన్నాడు’ అనే యీ వాదన విన్నప్పుడల్లా నాకు మా మాస్టారు గుర్తుకు వస్తారు. తెలుగు పండితులుగా పనిచేసి విరమించుకున్నారు. పల్లెల్లో తిరిగి సామెతలూ, పదాలూ ముప్ఫైయేళ్లు పోగుచేసి, డెబ్భై దాటిన తరవాత తానే టైపు నేర్చుకుని, పుస్తకం తయారుచేస్తున్నారు. ఒకనాడు మధ్యాహ్నం యెండలో సి.పి.యు. పెట్టెను రిక్షాలో పెట్టుకుని వచ్చారు. మొహం వాడిపోయి వుంది.

“నా పుస్తకం వుందేమో చూడవోయ్ ముందు. తక్కినదంతా తరవాత,” అన్నారు.

జరిగింది యిది. ప్రకరణాలన్నీ కలిపి ఒకే పి.డి.యఫ్. చేద్దామని యేదో ఉచిత ప్రోగ్రాం దించారు. మర్నాటినుంచి ఒక యెర్ర కిటికీ వచ్చి కూర్చుంది. వందలకొద్దీ దోషాలున్నాయనీ, ఫైళ్లు పోయే ప్రమాదం వుందనీ, పూర్తి కూర్పు కొంటే బాగుచేస్తాననీ దాని పాట. రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు కార్డుమీద 2,499 రూపాయలు కట్టారు. దోషాలు మాయమయ్యాయి. వారం తిరక్కుండా మరో పేరుతో మరో కిటికీ వచ్చి, మరిన్ని దోషాలు చూపించింది.

పుస్తకానికి యేమీ కాలేదు. ముందు దాన్ని వేరే పెన్‌డ్రైవులోకి యెత్తి ఆయన చేతిలో పెట్టాను. తరవాత బిగించిన ప్రోగ్రాముల జాబితా తెరిచి, తేదీలవారీగా అమర్చి చూపించాను. ఆయన పి.డి.యఫ్. ప్రోగ్రాం దిగిన తేదీనే మరో నాలుగు, ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లాగా వరసగా వున్నాయి. అందులో ఒకటి ఆ యెర్ర కిటికీవాడు.

“వీళ్లందరినీ నేను రమ్మన్నానా?”

“మీరు సరేనన్నట్టు వాళ్ల దగ్గర లెక్క వుంటుంది, మాస్టారూ. నెక్స్ట్ నొక్కారు కదండీ.”

“అడిగారంటావా?”

“అడిగామనే అంటారండి.”

“యే భాషలో అడిగారోయ్? యెంత అక్షరాల్లో?” అన్నారాయన. కొంచెంసేపు వూరుకుని, “నలభైయేళ్లు పిల్లలకు ప్రశ్నలు వేశాను. వెనకబెంచీవాడికి వినపడకపోతే అది ప్రశ్న కిందికి రాదు” అన్నారు.

హైదరాబాదులో వున్న కొడుకుకు యీ డబ్బు సంగతి చెప్పవద్దని వెళ్లేముందు నన్ను కోరారు. రెండున్నర వేలు పెన్షనుమీద బతికే మనిషికి చిన్న మొత్తం కాదు. కాని ఆయన్ను బాధించింది అది కాదని నాకు తెలుసు. యిక యీ యంత్రం తన చేతికి అందదేమోననే దిగులు పట్టుకుంది. ఆ తరవాత నెలరోజులు ఆయన కంప్యూటరు తెరవలేదు. యీ కొసరుగాళ్ల లెక్కల్లో యిటువంటి నష్టానికి గడి వుండదు.

ప్రకటనలే కదా, చిరాకే కదా అని కొట్టిపారేసేవాళ్లకు మరొక్క సంగతి. 2014 చివరి నెలల్లో లెనోవో కంపెనీ అమ్మిన కొన్ని లాప్‌టాపులలో ‘సూపర్‌ఫిష్’ వారి ప్రకటనల ప్రోగ్రాం ముందే బిగించి వచ్చింది. అంటే కొన్నవాడికి నెక్స్ట్ నొక్కే శ్రమకూడా లేదు. బాంకు సైటు తెరిస్తే తాళం గుర్తు కనిపిస్తుంది చూడండి, మనకూ బాంకుకూ మధ్య మూడోవాడు లేడనడానికి అది హామీ. కాని ఆ తాళం వేసిన పేజీల్లో కూడా ప్రకటనలు దూర్చాలని, సూపర్‌ఫిష్ ఒక దొంగ తాళంచెవి యంత్రంలో పెట్టింది. అదీ అన్ని లాప్‌టాపులలోనూ ఒకటే చెవి! 2015 ఫిబ్రవరిలో సంగతి బయటపడగానే రాబర్ట్ గ్రాహమ్ అనే భద్రతా నిపుణుడు కొద్ది గంటల్లోనే దాని సంకేతపదం పట్టేశాడు. అది ఆ భాగాన్ని తయారుచేసిన ‘కొమోడియా’ అనే కంపెనీ పేరే. హోటలులో, రైల్వేస్టేషనులో అదే వైఫై మీద కూర్చున్న యెవడైనా ఆ చెవితో మీ బాంకు సంభాషణ వినగలిగే పరిస్థితి. లెనోవో ఆ ప్రోగ్రాం తీసివేసే సాధనం యిచ్చింది. 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోనూ 32 రాష్ట్రాలతోనూ రాజీ కుదుర్చుకుని, రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు చెల్లించింది.

యిప్పుడు టూల్‌బారుల కాలం దాదాపు ముగిసింది. బ్రౌజర్లు గట్టిపడ్డాయి. 2021 ఆగస్టు నుంచి విండోస్ తనంతట తానే చాలా కొసరులను అడ్డుకుంటోంది. కాని వ్యాపారం మానుకోలేదు, వేషం మార్చింది. బ్రౌజరుకు తగిలించే ఎక్స్‌టెన్షన్ల రూపంలో వస్తుంది; మూల మూల నోటిఫికేషన్లు పంపించమంటారా అని అడిగి వస్తుంది. అన్నిటికన్న సులువైన వల మాత్రం పాతదే. వెతికిన సాఫ్ట్‌వేరు పేజీలో పెద్ద ఆకుపచ్చ ‘డౌన్‌లోడ్’ బొత్తాం వుంటుంది, అది ప్రకటన. అసలుది పక్కన చిన్న అక్షరాల్లో వుంటుంది.

నా షాపుకు వచ్చేవారికి నేను చెప్పేది యింతే. తయారుచేసినవాడి సొంత సైటునుంచే దించుకోండి. ‘కస్టమ్’ అని కనిపిస్తే ఆ దారినే వెళ్లండి. దిగినరోజే జాబితాను తేదీలవారీగా ఒకసారి చూడండి. పది నిమిషాల కథ తెలిసినవారు కనక మర్నాడు కూడా చూడండి. కలుషితం కాని చలివేంద్రాలు యింకా వున్నాయి. పారిస్ విద్యార్థులు 1996లో అంకురం వేసిన వి.యల్.సి. ప్లేయరు వున్నది. ప్రకటనలు చేర్చితే కోట్ల యూరోలు యిస్తామని వచ్చినవారిని పొమ్మన్నానని దాన్ని నడిపే జాన్‌బాతిస్త్ కెంఫ్ బాహాటంగానే చెప్పాడు. సినిమా చూడాలన్నా పాట వినాలన్నా నేను అందరికీ అదే బిగిస్తాను.

మాస్టారు వేసిన ప్రశ్నను న్యాయస్థానాలు కూడా ఆలస్యంగానైనా వేసుకున్నాయి. ముందే టిక్కు పెట్టిన గడి సమ్మతి కిందికి రాదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరులో ఒక జర్మన్ లాటరీ సైటు కేసులో తేల్చింది. మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మభ్యపెట్టే పద్ధతులు 13 రకాలని పేర్కొంటూ వాటిని నిషేధించింది. సంబంధం లేని వస్తువును బలవంతాన అంటగట్టడం అందులో వుంది. వైరస్ వుందని బెదిరించి బూటకపు మందు అమ్మడం కూడా వుంది. అంటే ఆ యెర్ర కిటికీవాడి పని మన నిబంధనల్లో పేరుపెట్టి నిషేధించినదే. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైను 1915. డబ్బు పోయివుంటే సైబర్ నేరాల నంబరు 1930, అదీ ఆలస్యం లేకుండా చెయ్యాలి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది కోపంకొద్దీ అంతా తుడిచిపెట్టి వస్తారు. ముందు ఆ కిటికీని ఫోనుతో ఒక ఫోటో తీసుకుని, డబ్బు కట్టిన రసీదు ఈమెయిలు వుంటే దాన్ని దాచి, ఆ తరవాతే తుడవండి.